ఇంటిబండి ఏర్పాట్లు



ప్రభువు చిత్తమైతే ఈ ఆగస్టు నెలాఖరులో మేమిద్దరం అమెరికాలో మా అమ్మాయి కుటుంబంతో కలిసి ఐదు రాత్రులు సరస్సుల ఒడ్డున బస చేయబోతున్నాం. అమ్మాయి, అల్లుడు మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ నగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అక్కడినుండి ఉత్తరానికి సుమారు 350 కిలోమీటర్లు పోతే అంతా అడవులు, సరస్సులు. ఇల్లు, వంటపొయ్యి, పడక అన్నీ ఉన్న ఒక బండిని అద్దెకు తీసుకుని అక్కడికి పోవాలని వాళ్ళ ఆలోచన. ఆలంపూరులో మా సంఘంవాళ్ళకు ఈ సంగతి తెలిసినప్పటినుండి, ఆరాధన ముగియగానే స్త్రీలు నన్ను చుట్టుకుని "టీచరమ్మా, బండిలో ఇల్లేంది? ఆడ మీరు చేసేదేంది?" అని ఒకటే అడగడం. ఒక్కొక్కరికి చెప్పేకన్నా అందరికీ ఒకేసారి రాసేస్తే మేలనిపించింది. ప్రయాణం ఇంకా కాలేదు. ఇది ఏర్పాట్ల సంగతి మాత్రమే. అయితే ఆ ఏర్పాట్లే మా ఇంట్లో మూడు నెలలు నడిచాయి.

ఆ బండిని అక్కడ ఆర్.వి. అంటారు. నేను ఇంటిబండి అంటున్నాను. మన చౌరస్తాలో ఆగే వ్యానుకన్నా పొడవు, బస్సుకన్నా పొట్టి. డ్రైవరు తల మీద ఒక మంచం, వెనక ఒక మంచం, మధ్యలో బల్లను పడగొడితే అదొక మంచం. ఆరుగురం పడుకోవచ్చు. గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానాలగది, లెట్రిన్ అన్నీ అందులోనే. పొయ్యికీ లెట్రిన్‌కూ మధ్య నాలుగడుగులు ఉంటే గొప్ప. ఫోనులో అది చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. "తలుపు ఉంటది అత్తమ్మా, గట్టిగ పడ్తది" అని అల్లుడు ధైర్యం చెప్పాడు.

బండి అడుగున మూడు ట్యాంకులు. ఒకటి మంచినీళ్ళది. రెండోది గిన్నెలు కడిగిన, స్నానం చేసిన నీళ్ళు పోయేది. మూడోది లెట్రిన్‌ది. నిండిన రెండింటినీ దారిలో ఎక్కడంటే అక్కడ వదలడానికి లేదు. అందుకని కట్టిన గుంతలుంటాయి, అక్కడికి బండి తీసుకుపోయి లావుపాటి గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. మొదట లెట్రిన్ ట్యాంకు, తరువాత కడిగిన నీళ్ళది. అట్లా చేస్తే రెండోదాని నీళ్ళతో గొట్టం శుభ్రపడుతుంది. ఆ పని ఎవరిది అని అడిగాను. అల్లుడు "నాదే" అన్నాడు. లక్షల జీతం తీసుకునేవాళ్ళు సెలవు పెట్టి, డబ్బు కట్టి ఆ పని చేసుకోవడం వింతగానే ఉంది గాని, తన పని తాను చేసుకోవడంలో తప్పేముంది? ఆ పని ఇన్నాళ్ళూ మన దేశంలో ఎవరి నెత్తిన పెట్టామో తలుచుకుంటే, ప్రతివాడూ ఐదు రోజులైనా చేసి చూడాలి అనిపించింది.

మంచినీళ్ళ ట్యాంకులో పట్టేది సుమారు 150 లీటర్లు. ఆరుగురికి రెండు రోజులు రావాలి. మేము దిగబోయే చోట కరెంటు ఉంటుంది కాని బండికి నీళ్ళ కనెక్షన్ ఇవ్వరు, ముందే నింపుకుని పోవాలి. ఈ లెక్క చెప్పి అమ్మాయి "ఎట్ల సరిపోతయో ఏమో" అని భయపడింది. ఎండాకాలంలో బిందెలు లెక్కపెట్టి ఇల్లు గడిపినదాన్ని. నీళ్ళ లెక్క నాకు వదిలేయమన్నాను. ఒక్క చెంబుతో నాలుగు పళ్ళేలు ఎట్లా కడగాలో మా మనవరాలికి నేర్పుతాను.

అద్దె రోజుకు రెండు వందల డాలర్ల పైచిలుకు అడిగారు. పెట్రోలు వేరే. లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తే గొప్పట. మా ఆయన లెక్క వేసి "ఇది లారీతో సమానం, ఒక లోడు ఉల్లిగడ్డ వేసుకుపోతే గిట్టుబాటు అయ్యేది" అన్నారు. అంత డబ్బు పోసి చెట్లకింద ఉండటమెందుకు, ఇంట్లోనే ఉందాం అన్నాను నేను. అది నేను చెప్పిన మొదటి అడ్డు. అసలు అడ్డు అది కాదు.

మా ఆయనకు ఈ ప్రయాణమంటే మొదటినుండీ ఉబలాటమే. ఆయన తుంగభద్ర ఒడ్డున పుట్టి పెరిగినవారు. గాలం వేయడం వారి బాల్యం. మిన్నెసోటాలో పది ఎకరాలకు తక్కువ కానివి 11,842 సరస్సులున్నాయని మనవడు చెప్పగానే, "పన్నెండు వేల చెరువుల్లో ఒక్క చేప పడదా" అని లేచి కూర్చున్నారు. అయితే అక్కడ గాలం వేయడానికి కూడా లైసెన్సు కొనాలి. పదహారేళ్ళు దాటినవాళ్ళందరికీ. ఏ చేప ఎన్ని పట్టవచ్చో లెక్క ఉంటుంది. ఒక చెరువు నీళ్ళు ఇంకో చెరువుకు మోసుకుపోకూడదు. గుడ్లు పెట్టి నీళ్ళు నింపేసే ఆల్చిప్పల్లాంటి పురుగులు ఎక్కడినుండో వచ్చి పడ్డాయట, అవి పాకకుండా పడవలు కడిగి, ఆరబెట్టి మరీ తీసుకుపోవాలి.

కట్టెల సంగతి ఇంకా విచిత్రం. అడవిలో ఉంటాం, పడిపోయిన పుల్లలు ఏరుకుని మంట వేసుకుందాం అంటే కుదరదు. ఆ పార్కుల్లో ఎండుపుల్ల కూడా ఏరకూడదు. ఇంటినుండి కట్టెలు తీసుకుపోనూ కూడదు. చెట్ల బెరడు కింద తొలిచే పచ్చటి పురుగు ఒకటి కట్టెలతోపాటు ఊరినుండి ఊరికి పోయి చెట్లను చంపేస్తున్నదట. అందుకని అక్కడే, అనుమతి ఉన్న కట్టెలే కొనుక్కోవాలి. రాత్రి పది తరువాత చప్పుడు చేయకూడదు. తినే వస్తువు ఏదీ బయట వదలకూడదు, నల్ల ఎలుగుబంట్లు వస్తాయి. ఎండుచేపల మాట నేను ఎత్తగానే అమ్మాయి ఫోనులోనే చెవులు మూసుకుంది.

మా ఆయనకు ఇరవై ఏళ్ళుగా షుగరు. ఇన్సులిన్ తీసుకుంటారు. అది ఇంటిబండి మేలు. ఫ్రిజ్ కరెంటు ఉన్నచోట కరెంటుతో, లేనిచోట గ్యాసుతో నడుస్తుంది. విమానంలో మాత్రం ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో వేయకూడదు, కింద చలికి గడ్డకట్టి పాడైపోతుంది. డాక్టరుగారి చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోవాలి. బిడ్డల దగ్గరికి పోయే మన సంఘాల పెద్దలు చాలామందికి ఇది పనికివస్తుందని రాస్తున్నాను.

ఇక నా అడ్డు సంగతి.

క్యాంపు అన్న మాట మన పాలమూరులో తెలియనివారు లేరు. మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని పోయినవాళ్ళు ఉండేది క్యాంపులోనే. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబరు అక్కడ గోనెసంచుల గుడిసెల్లో ఉన్నారు. వెనుకటి మిషనరీ దొరలు చలికాలంలో బండ్లమీద డేరాలు వేసుకుని ఊరూరా తిరిగేవారు, దాన్నీ క్యాంపే అనేవారు. నాకు తెలిసిన క్యాంపు మాత్రం మూడోది.

మా పుట్టినూరు కొల్లాపూరు తాలూకాలో కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన వందకు పైగా గ్రామాల్లో అదొకటి. నిండు మట్టం 885 అడుగులు. మా ఊరు ఆ గీతకు కింద ఉంది, అంతే. 1981 ఎండాకాలంలో, నాకు పదిహేడేళ్ళప్పుడు, లేచిపొమ్మన్నారు. నీళ్ళొస్తాయని చిన్నప్పటినుండి వింటున్నదే కాబట్టి ఎవరూ నమ్మలేదు. మా నాయన ఆ సంవత్సరం కూడా ఇంటికి కొత్తగా సున్నం వేయించాడు. తరువాత ఇండ్లు కూలగొట్టారు. మేము దూలాలు, తలుపులు, రోలు, ఇంటి ముందరి రెండు బండలు బండికెత్తుకుని పైన మెరక మీద ఒక వేపచెట్టు కింద దిగాం. మూడు రాళ్ళు పెట్టి మా అమ్మ జొన్న అంబలి కాచింది. ఒక రోజని దిగినవాళ్ళం, రెండు వానాకాలాలు అక్కడే ఉన్నాం. మా చెల్లెలు ఆ తడిలోనే జ్వరం వచ్చి పోయింది. తొమ్మిదేళ్ళు. ఆమెను పెట్టడానికి మాకు కొత్త ఊళ్ళో ఇంకా భూమి చూపించలేదు. పాత సమాధుల తోట అప్పటికే నీళ్ళల్లో ఉంది.

మా చిన్న మట్టిగోడల గుడికి ఒక గంట ఉండేది. గంట అంటే రైలుపట్టా ముక్క, ఇనుపకడ్డీతో కొట్టేవాళ్ళు. దాన్ని మా తమ్ముడు భుజాన వేసుకుని మోసుకొచ్చాడు. ఇప్పటికీ కొత్త ఊరి సంఘంలో అదే కొడతారు.

కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా ఆ నీళ్ళల్లో పోవలసిందే. దాన్ని రాయి రాయి విప్పి, అంకెలు వేసి, ఇక్కడ ఆలంపూరుకు తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఏడో శతాబ్దంనాటి చాళుక్యుల గుళ్ళ పక్కన అది ఈనాడు చక్కగా ఉంది. చాలా మంచిపని. దాని ముందునుండి బడికి నడిచిన ఇన్నేళ్ళలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో, రాళ్ళకు అంకెలు వేసినంత ఓపికగా మనుషుల లెక్క కూడా రాసి ఉంటే ఎంత బాగుండేదో అని.

పెళ్ళై ఆలంపూరు వచ్చినా నీళ్ళు నన్ను వదల్లేదు. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా తుంగభద్రలు కలిసి పొంగి కర్నూలునూ మా ఆలంపూరునూ ముంచినప్పుడు మేము ఒక డాబా మీద పదిమందితో కలిసి ఒక రాత్రి, ఒక పగలు గడిపాం. చుట్టూ నీళ్ళే, తాగడానికి లేవు. అమ్మాయి అప్పుడు హైదరాబాదులో చదువుకుంటున్నది. ఫోన్లు లేక మేము ఉన్నామో లేమో దానికి రెండు రోజులు తెలియలేదు.

అందుకే, "అమ్మా, ఎదురుంగ మొత్తం నీళ్ళు, మనం చెట్ల కింద మంట వేసుకుని వండుకుందాం" అని అది ఆశగా అన్నప్పుడు, "సరదాకు ఎవరన్న ఇల్లు ఇడిచిపెట్టి చెట్టుకింద వండుకుంటరా బిడ్డా?" అన్నాను. అది ఏమీ అనలేదు. పెట్టేసింది. దానికి పాత ఊరు తెలియదు. నేను చెప్పలేదు కూడా. వాళ్ళమ్మమ్మ బతికి ఉన్నప్పుడు ఎప్పుడైనా నోరు జారి ఆ ఊరి పేరెత్తితే లేచి పెరట్లోకి పోయేది, ఇంట్లో అందరం మాట మార్చేవాళ్ళం.

మా ఆయన సంఘపెద్ద. వాక్యం తెచ్చి నా ముందు పెట్టారు. లేవీయకాండము ఇరవై మూడో అధ్యాయంలో పర్ణశాలల పండుగ ఉన్నది కదా, ఏడు రోజులు ఇండ్లు విడిచి ఆకుల గుడిసెల్లో ఉండమని దేవుడే చెప్పెను కదా, తరతరాలవారికి జ్ఞాపకముండాలని కదా అన్నారు. వాళ్ళు దాస్యపు దేశం విడిచి వచ్చినదానికి జ్ఞాపకంగా గుడిసెల్లో ఉన్నారు, మేము మా సొంత ఇల్లు విడిచి చెట్టుకింద పడ్డాం, ఆ రెంటికీ పోలికేమిటి అన్నాను. దానికి వారు జవాబు చెప్పలేదు. అట్లని ఊరుకోనూ లేదు. "పోనీ, పర్ణశాల వేసుకునేటప్పుడు పిల్లలు అడుగుతారు, ఇది ఎందుకు అని. చెప్పేవాళ్ళు పక్కన ఉండాలి. మన పిల్లలకు చెప్పేవాళ్ళేరి?" అని మాత్రం అన్నారు. వారం రోజులు ఆ మాట నా వెంట తిరిగింది.

నేను రానంటే ప్రయాణమే లేదని అమ్మాయి తేల్చేసింది. ఇట్లా పది రోజులు గడిచాయి.

ఈలోగా మా మనవడు, పన్నెండేళ్ళవాడు, తన పని తాను చేసుకుపోతున్నాడు. దారి పటం గీయడం వాడి బాధ్యత. ప్రతి ఆదివారం ఫోనులో నాకూ తాతకూ పాఠం చెబుతాడు, నేను టీచరును గనుక నాకు ప్రశ్నలు కూడా ఇస్తాడు. ఆ సరస్సులు మన చెరువుల్లాగా ఎవరో కట్ట వేసి చేసినవి కావు. సుమారు పది వేల ఏళ్ళ కిందటివరకు ఆ నేలమీద చాలా మందాన మంచు ఉండేది, అది కరిగి పోతూ పోతూ నేలను గీకి, మంచు గడ్డలు పూడ్చిన చోట గుంతలు వదిలి, వాటినే నీళ్ళతో నింపి పోయింది. శీతాకాలంలో ఇవి మళ్ళీ గడ్డకడతాయి. ఉత్తరాన ఏప్రిల్ నెలాఖరు, మే మొదలు వచ్చేదాకా కరగవు. మేమేమో ఆ రోజుల్లో ఇక్కడ మామిడికాయ పచ్చడి పెడుతుంటాం.

మేము దిగేది ఇటాస్కా అనే పార్కులో. 1891లో ఏర్పడింది. మిస్సిసిపీ మహానది పుట్టేది అక్కడే. పుట్టినచోట మోకాలి లోతు, నాలుగు రాళ్ళమీద అడుగులు వేసుకుంటూ దాటవచ్చు. అక్కడ పడ్డ ఆకు సముద్రం చేరడానికి తొంభై రోజులు పడుతుందని చెప్పుకుంటారు. 1832లో ఓజావిండిబ్ అనే ఒజిబ్వే నాయకుడు దారి చూపితే స్కూల్‌క్రాఫ్ట్ అనే తెల్లాయన అక్కడికి చేరాడు. లాటిన్‌లో సత్యము, శిరస్సు అనే రెండు మాటలు పక్కపక్కన రాసి, ముందు కొంత, వెనక కొంత తెంపేసి మధ్యలో మిగిలినదాన్ని ఆ సరస్సుకు పేరు పెట్టాడు. దారి చూపినవాడి జనానికి ఆ సరస్సు ముందే తెలుసు. వాళ్ళ భాషలో దానికి పేరు కూడా ఉంది.

అదే చోట 1903లో జరిగిన ఒక సంగతి మనవడు చెప్పాడు. మేరీ గిబ్స్ అని ఇరవై నాలుగేళ్ళ పిల్ల, తండ్రి చనిపోగా ఆయన స్థానంలో ఆ పార్కు అధికారిణి అయింది. దుంగలు తేల్చుకుపోవడానికి కలప వ్యాపారులు అడ్డకట్ట తూములు మూసి సరస్సును నింపుతుంటే ఒడ్డున చెట్లు మునిగి చస్తున్నాయి. తుపాకి పట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, తూము ఎత్తమని ఆ పిల్ల గట్టిగా నిలబడింది. అక్కడి ఒక భవనానికి ఇప్పుడు ఆమె పేరే. నేను ఈ కథ రెండుసార్లు చెప్పించుకున్నాను.

మా ఆయన కోరిక ఇంకోటి ఉంది. 1899లో హైదరాబాదుకు వచ్చిన మొదటి అమెరికన్ మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు నికొలాయ్ హీబర్ట్ దంపతులు. వాళ్ళది ఇదే మిన్నెసోటాలోని మౌంటెన్ లేక్ అనే ఊరు. జబ్బుచేసి 1901లోనే వెనక్కు పోయినా, వాళ్ళ వెనుక వచ్చినవారి వల్ల మన పాలమూరు జిల్లాలో నాగర్‌కర్నూలు, వనపర్తి, జడ్చర్ల, గద్వాల ఇట్లా మిషను కాంపౌండులు నిలిచాయి. ఆ ఇంటి వంశంలోనే శంషాబాదులో 1932లో పుట్టిన పాల్ హీబర్ట్ పెద్ద విద్వాంసుడై, మన జిల్లాలోని కొండూరు గ్రామం మీద పుస్తకం రాశారు. ఆ ఊరి గుడి మెట్లమీద ఒక్కసారి కూర్చుని రావాలని మా ఆయన ఆశ. పటంలో చూస్తే అది దక్షిణాన ఉంది, మేము పోయేది ఉత్తరానికి. తరువాత కారులో ఒకరోజు తీసుకుపోతానని అల్లుడు మాట ఇచ్చాడు.

మార్చి నెలలో ఒక ఆదివారం మనవడు పాఠం మధ్యలో ఆగిపోయి, "అమ్మమ్మా, ఈ లేక్‌లో కూడా ఊర్లు ఉన్నయి. కింద" అన్నాడు.

దాని పేరు విన్నిబిగోషిష్. ఇటాస్కానుండి బయలుదేరిన మిస్సిసిపీ కొంత దూరం పోయి ఈ సరస్సులోకి వచ్చి వెళుతుంది. సరస్సు దేవుడు చేసిందే, కాని 1880లలో అమెరికా సైన్యపు ఇంజనీర్లు దానికి ఆనకట్ట కట్టి మట్టం పెంచారు. పక్కనే ఉన్న లీచ్ లేక్‌కు కూడా. దిగువన పడవలు నడవడానికి, మినియాపొలిస్‌లో పిండిమరలు తిరగడానికి ఎండాకాలంలో నీళ్ళు కావలసివచ్చాయి. ఒడ్డున ఉన్న ఒజిబ్వేవాళ్ళను ఒప్పించి కట్టింది కాదు. వాళ్ళ ఊళ్ళు, సమాధుల నేలలు, నీళ్ళలో పెరిగే వాళ్ళ ధాన్యపు మళ్ళు మునిగిపోయాయి.

వాడికి మా ఊరి సంగతి తెలియదు. పటంలో కనబడింది చదివాడు, అంతే. అమ్మాయి పక్కన ఉంది. మా ఆయన నా ముఖం చూశారు. నేను అప్పుడు చెప్పాను. ఊరి పేరు చెప్పాను. ఇంటి ముందరి చింతచెట్టు, ఇసుకలో వేసిన పుచ్చతీగలు, నాయన వేయించిన సున్నం, చెల్లెలు. గంటకు పైగానే మాట్లాడినట్టున్నాను. ఇక్కడ పొద్దుపోయింది, అక్కడ వాళ్ళకు గుడికి వేళ దాటిపోయింది. ఎవరూ లేవలేదు. చివరికి మనవరాలు, ఏడేళ్ళది, "మరి ఆ చెల్లి పేరేంటి?" అని అడిగింది. ఆ పేరు నోటితో పలికి నాకు ఎన్నేళ్ళయిందో.

రెండు రోజుల తరువాత నేనే ఫోను చేసి, ఆ విన్ని సరస్సు దగ్గర ఒక రాత్రి ఉండటానికి వీలుంటే వస్తాను అన్నాను. ఆనకట్ట పక్కనే బండ్లు నిలుపుకునే చోటు ఉన్నదట. నాలుగు రాత్రులు ఇటాస్కాలో, ఐదో రాత్రి అక్కడ.

ఆగస్టు నెలాఖరు ఎంచుకోవడానికి కారణాలున్నాయి. జూన్, జూలైలో దోమలు మనిషిని ఎత్తుకుపోతాయట. సెప్టెంబరు మొదటి సోమవారం దాటితే పిల్లలకు బడి. పైగా ఆగస్టు చివర నీళ్ళలోని ధాన్యం పండుతుంది. ఒజిబ్వేవాళ్ళు దాన్ని మనూమిన్ అంటారు. అది మన వరి కాదు, గడ్డిజాతి, గింజ సన్నగా పొడుగ్గా నల్లగా ఉంటుంది. ఒకరు చిన్న పడవను గెడతో నెడుతుంటే, ఇంకొకరు రెండు కర్రలతో కంకులను పడవలోకి వంచి మెల్లగా తట్టుతారు. కొన్ని గింజలు నీళ్ళలో పడతాయి, అదే వచ్చే ఏటికి విత్తనం. తరువాత వేయించి, తొక్కి, చెరుగుతారు. చెరగడం చూడాలని నా ఆశ. చేట ఇస్తే నేనూ చెరుగుతాను.

ఇటాస్కాలో చోటు 120 రోజుల ముందు మాత్రమే ఇస్తారు, వాళ్ళ ఉదయం ఎనిమిది గంటలకు తెరుస్తారు. ఆగస్టు 24కు లెక్కపెడితే ఏప్రిల్ 26, ఆదివారం, మనకు సాయంత్రం ఆరున్నర. సరిగ్గా మా సాయంకాల ప్రార్థన కూటం వేళ. మా ఆయన కూటానికి పోయారు గాని ఫోను జేబులోనే పెట్టుకుపోయారు. ఆరూ ముప్పై నాలుగుకు అది మోగింది. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఒక క్షణం ఆగి, "దొరికిందా అన్నా?" అని అడిగారట. దొరికింది. నీళ్ళకు దగ్గరగా, పైన్ చెట్ల కింద.

సామాను సంగతి. జొన్నపిండి ఇక్కడినుండి రెండు కిలోలు, అక్కడ దొరికేది నాకు నచ్చదు. పల్లీల పొడి, నువ్వుల పొడి, చింతపండు, బెల్లం. ఇనుప పెనం అమ్మాయి దగ్గర ఉంది. రాత్రుళ్ళు చలి ఉంటుందని స్వెట్టర్లు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, పెద్ద అక్షరాలది. పొయ్యి బండిలో ఉన్నా, ఒక్క పూట మాత్రం బయట మూడు రాళ్ళమీద వండుతానన్నాను. మూడు రాళ్ళు ఎందుకు, అక్కడ మంటకు ఇనుప వలయం ఉంటుందన్నారు. సరే, వలయంలోనే.

ఆగస్టుకన్నా ముందు ఇంకొక ప్రయాణం పెట్టుకున్నాం. మే నెలలో శ్రీశైలం వెనుక నీళ్ళు తగ్గి, మునిగిన ఊళ్ళ గోడలు, బావుల వరసలు బయటపడతాయి. ఊరి వాళ్ళు కొందరు ఏటా పోయి చూసి వస్తారు. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ పోలేదు. మా తమ్ముడు సోమశిల రేవులో పడవవాళ్ళతో మాట్లాడాడు. మే 18, సోమవారం పొద్దున్నే బయలుదేరతాం, ఎండ ముదరకముందే తిరిగి రావాలి. సద్ది నేను కడుతున్నాను. ఇల్లు ఎక్కడుండేదో తమ్ముడు గుర్తుపడతానంటున్నాడు, చింతచెట్టు మొద్దు ఇంకా ఉన్నదట. మనవడు తన పటంలో ఆ చోటు కూడా గుర్తు పెట్టాలి, ఫోటో పంపమన్నాడు. మనవరాలు మాత్రం అక్కడినుండి ఒక చిన్న రాయి తెమ్మంది.